కాన్పు తర్వాత ఒక రోజు ముందే ఇంటికొస్తే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. నా భార్యకు వచ్చే నెలలో తొలి కాన్పు. ఆసుపత్రిలో చెప్పిన ప్యాకేజీలు ఇవి. సాధారణ కాన్పుకు రెండు రాత్రులు: షేరింగ్ గది రూ.62,000, సింగిల్ గది రూ.85,000. సిజేరియన్‌కు నాలుగు రాత్రులు: షేరింగ్ రూ.1,05,000, సింగిల్ రూ.1,45,000. ఆపైన ఉండే ఒక్కో రోజుకు షేరింగ్‌లో రూ.5,500, సింగిల్‌లో రూ.9,500. మా కంపెనీ గ్రూపు పాలసీ సాధారణ కాన్పుకు రూ.50,000, సిజేరియన్‌కు రూ.75,000 వరకే ఇస్తుంది. సింగిల్ గది తీసుకుని ఒక రోజు ముందే డిశ్చార్జి అయితే కలిసొస్తుందా? మా అత్తగారేమో ఐదు రోజులైనా ఉండాలంటున్నారు.

జవాబు: కలిసిరాదు. మీరు కట్టేది ప్యాకేజీ. రెండు రాత్రులకు కట్టి ఒక రాత్రికే వచ్చేస్తే మిగతాది సాధారణంగా వెనక్కి ఇవ్వరు. తగ్గిస్తామంటే, ఎంత తగ్గిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.

డబ్బు పోయేది రోజుల దగ్గర కాదు, గది దగ్గర. గది స్థాయి పెరిగితే డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్ ఛార్జీలు కూడా దాంతోపాటే పెరుగుతాయి. మీ అంకెలే చూడండి. సాధారణ కాన్పుకు రెండు గదుల మధ్య తేడా రూ.23,000. షేరింగ్‌లో అదనంగా నాలుగు రోజులు ఉన్నా రూ.22,000 దాటదు. సిజేరియన్‌లో తేడా రూ.40,000, అంటే షేరింగ్‌లో ఏడు రోజుల పైచిలుకు. రెండు లెక్కల్లోనూ పాలసీ పరిమితి అయిపోతోంది కాబట్టి ఈ తేడా మొత్తం మీ జేబులోంచే. గది అద్దె ఒక్కటే రోజుకు రూ.5,000 దాటితే 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ కూడా పడుతోంది; మీకు చెప్పిన రోజు ఛార్జీలో అద్దె ఎంతో అడగండి. షేరింగ్ గది తీసుకోండి, డాక్టరు ఉండమన్నన్ని రోజులు ఉండండి.

పాలసీలో గది అద్దెకు రోజువారీ పరిమితి ఉంటే, అది దాటినప్పుడు డాక్టరు ఫీజు వంటివి కూడా అదే దామాషాలో కోస్తారు. మందుల మీద ఆ కోత ఉండదు. కోత పోగా మిగిలిన మొత్తం ఎలాగూ ప్రసూతి పరిమితిని దాటితే మీకు కొత్తగా నష్టం లేదు.

ఇక ఎన్ని రోజులు? ఏ ఇబ్బందీ లేని సాధారణ కాన్పుకు కనీసం 24 గంటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 48 గంటలు ఉంచాలన్నది నియమం. బాలింతకు రక్తస్రావం ప్రమాదం మొదటి రోజే ఎక్కువ. బిడ్డకు కామెర్లు మాత్రం రెండో రోజో మూడో రోజో కనిపించి, మూడు నుంచి ఐదు రోజుల మధ్య బాగా పెరుగుతాయి. 24 గంటలకే తీసుకొస్తే ఆ పెరిగే సమయంలో బిడ్డ మీ కళ్ల ముందు ఉంటాడు, డాక్టరు కళ్ల ముందు కాదు. తిరిగి చేర్చి కామెర్లు తగ్గించే లైటు కింద పెట్టాల్సి వస్తే అది కొత్త అడ్మిషన్, కొత్త బిల్లు. అందుకే మీరు కొన్న రెండు రాత్రులూ ఉండండి. మూడో రోజో నాలుగో రోజో పిల్లల డాక్టరు అపాయింట్‌మెంటు డిశ్చార్జికి ముందే తీసుకోండి.

తల్లీబిడ్డా బాగుండి, పాలు పడుతుంటే ఐదు రోజులు అక్కర్లేదు. మీ అత్తగారి బెంగ న్యాయమైనదే. ఆ మూడు అదనపు రోజులకయ్యే రూ.16,500తో ఇంట్లో ఆయాను పెట్టుకుంటే ఆమెకూ ఊరట, మీ భార్యకూ నిద్ర. సిజేరియన్ అయితే నాలుగు రాత్రుల్లో ఒక్కటీ తగ్గించవద్దు.

డిశ్చార్జి రోజు దగ్గర అనవసరంగా డబ్బు పోతుంటుంది. గది అద్దెకు కొత్త రోజు ఏ గంటకు మొదలవుతుందో చేరేటప్పుడే అడగండి. ముందు రోజు సాయంత్రమే నర్సింగ్ స్టేషన్‌లో చెప్పి, వాడని ఇంజెక్షన్లు, సెలైన్ సీసాలు, విప్పని గ్లౌజుల ప్యాకెట్లు ఫార్మసీకి వెనక్కి పంపించి బిల్లులో తగ్గించమనండి. ఫైనల్ బిల్లు అయ్యాక అడిగితే పని జరగదు. నగదు రహిత క్లెయిమ్‌లో ఆసుపత్రి అడిగిన మూడు గంటల్లోగా బీమా సంస్థ తుది అనుమతి ఇవ్వాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ భారం బీమా సంస్థదే. కాబట్టి ఆసుపత్రి ఎన్నింటికి పంపిందో ఆసుపత్రిలో బీమా క్లెయిమ్‌లు చూసే టీపీఏ డెస్క్‌లో అడిగి రాసుకోండి.

ఈ వారమే మీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి రెండు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. బిడ్డకు మొదటి రోజు నుంచీ కవర్ ఉందా, పేరు ఎన్ని రోజుల్లో చేర్పించాలి? బిడ్డను ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) పెడితే ఆ ఖర్చు ప్రసూతి పరిమితిలోంచా, కుటుంబ బీమా మొత్తంలోంచా? రెండో ప్రశ్నకు ‘ప్రసూతి పరిమితిలోంచే’ అని జవాబు వస్తే మీ దగ్గర ఉంచాల్సిన డబ్బు పెరుగుతుంది.

ఎన్‌ఐసీయూ ఖర్చు కాకుండా, షేరింగ్‌లో సిజేరియన్ అయిందనే అనుకుని లెక్క వేయండి. పరిమితికి పైన రూ.30,000, మరో రెండు రోజులకు రూ.11,000, డైపర్లు, ప్యాడ్లు, మీ భోజనాల వంటి బీమా ఇవ్వని వాటికి రూ.9,000. మొత్తం రూ.50,000. నగదు రహితమైనా చేరేటప్పుడు అడ్వాన్స్ అడగవచ్చు కాబట్టి ఈ సొమ్ము ఎఫ్‌డీలో కాకుండా పొదుపు ఖాతాలోనే ఉంచండి.

అదీ భారమైతే పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు ఉచితం. ఇంటికి దింపే 102 వాహనానికీ డబ్బు కట్టక్కర్లేదు.