తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు, దండగేనా?

ప్రశ్న: రాత్రి పడుకునే ముందు సైన్స్ షార్ట్ వీడియోలు చూడటం అలవాటైంది. ఒక్కటి చూద్దామని మొదలుపెడితే గంట గడిచిపోతోంది, తెల్లారేసరికి ఏదీ గుర్తుండదు. "దానికి సైన్స్ అని పేరొకటి" అని మావారు వెక్కిరిస్తున్నారు. నిజంగా దండగేనా?

జవాబు: దండగేం కాదండీ. సరదాకి చూసేదాన్ని పరీక్షకి చదివినట్టు గుర్తుపెట్టుకోవాలని ఎవరన్నారు? 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలేస్తే, అక్కడ గాలి అడ్డు లేదు కాబట్టి రెండూ కలిసే కిందపడ్డాయి. చిన్న వీడియోనే, నేనెన్నిసార్లు చూశానో లెక్కలేదు. గంట సంగతంటారా, అలారం పెట్టుకోండి.

అసలు చిక్కల్లా ఎక్కడంటే, 'ఎందుకలా?' అని మనకి అనిపించేలోపే వీడియోలో మనిషి జవాబు చెప్పేస్తాడు, ఈలోపు మన వేలు తర్వాతి దానికి వెళ్లిపోతుంది. అందుకని అసలు ఘట్టానికి ముందే ఆపి, ఏమవుతుందో మీరే ఊహించి చెప్పండి. రాగి గొట్టంలో అయస్కాంతం వేయబోతున్నారనుకోండి. రాగికి అయస్కాంతం అంటుకోదు కదా, దబ్బున పడిపోతుందనే అనుకుంటాం. తీరా చూస్తే తేనెలో దిగుతున్నట్టు తాపీగా దిగుతుంది. కదిలే అయస్కాంతం వల్ల గొట్టం గోడల్లో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు కూడా అయస్కాంతంలా పనిచేసి పడేదాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. నేను తప్పు చెప్పాను కాబట్టే ఇది నాకు ఇప్పటికీ గుర్తుంది.

కొన్నిటికి ఫోనే అక్కర్లేదు. ఓ మోస్తరుగా వేడెక్కిన ఇనప పెనం మీద నీటిచుక్క చల్లితే చుయ్‌మని ఆవిరైపోతుంది. పెనం ఇంకా బాగా కాలాక చల్లితే అదే చుక్క ముత్యంలా అటూ ఇటూ పరుగులు తీస్తుంది, విచిత్రంగా ఎక్కువసేపు ఉంటుంది కూడా! అడుగున పుట్టిన ఆవిరే పొరలా అడ్డుపడి వేడిని నేరుగా తగలనివ్వదు. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు దీని గురించి రాశాడు, ఆయన పేరే దీనికి స్థిరపడింది. (నాన్‌స్టిక్ పెనంతో మాత్రం వద్దు, పూత పాడవుతుంది.)

అన్నట్టు, కరెంటూ బ్యాటరీ లేకుండా ఎప్పటికీ ఆగని చక్రం అంటూ వీడియో వస్తే నమ్మకండి, మోటారు ఎక్కడ దాచాడో వెతకండి. అదీ సరదాగానే ఉంటుంది.

ఇక మీవారికి ఆ అయస్కాంతం వీడియో పెట్టి, వదలబోయే ముందు ఆపి, "ఏమవుతుందో చెప్పండి చూద్దాం" అనండి. ఆయన జవాబేమిటో నాకూ రాయండి.