విమానం లాగ్‌బుక్కునూ క్లబ్బు వోచర్ ఫైలునూ పక్కపక్కన పెట్టి చూడండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది బల్లార్షా. నాన్న పేపర్ మిల్లు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేనూ, ఇంకొందరు తెలుగువాళ్లూ ఒక మైక్రోలైట్ (అతి తేలిక విమానాల) క్లబ్బులో సభ్యులం. రెండు సీట్ల విమానం ఒకటి, పారామోటార్లు (వీపుకి ఇంజిను కట్టుకుని పారాచూట్ లాంటి రెక్కతో ఎగిరేవి) కొన్ని ఉన్నాయి. మూడేళ్లుగా జనరల్ బాడీ మీటింగు లేదు. లెక్కలు అడిగితే అధ్యక్షుడు "నీకు ఎగరడం కావాలా, ఆడిట్ కావాలా?" అంటాడు. హ్యాంగర్ (విమానం పెట్టే షెడ్డు) రిపేర్లు, పెట్రోలు సప్లయి రెండూ ఆయన బావమరిదివే. కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి, మావాళ్లు చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. గట్టిగా అడిగితే సభ్యత్వం పీకేస్తారని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ఎగరడం కావాలా, ఆడిట్ కావాలా అన్న మాట చదవగానే నాకు ఒళ్లు మండిందండీ, ఎందుకంటే ఫ్లయింగ్ క్లబ్బులో ఆ రెండూ ఒకటే. ఒక్క ఉదాహరణ చెబుతాను. మీ విమానంలో ఉన్నది రోటాక్స్ 912 ఇంజినే అనుకుందాం, ఇలాంటి చిన్న విమానాల్లో బాగా వాడేది అదే. దాని పెట్రోలు గొట్టాలు, కూలెంట్ గొట్టాలు, ఇంకా ఆ రబ్బరు భాగాలన్నీ చూడ్డానికి బాగానే ఉన్నా సరే ఐదేళ్లకోసారి మార్చి తీరాలని తయారీ కంపెనీయే చెబుతుంది. ఇప్పుడు మీ ఇంజిను లాగ్‌బుక్కులో మార్చినట్టు రాసి ఉంటే, ఆ గొట్టాలు కొన్న బిల్లు, మెకానిక్కుకి ఇచ్చిన కూలి వోచర్ ఫైల్లో అదే నెలలో కనిపించాలి కదా! కనిపించకపోతే అసలు మార్చారా అని అడగాలి. బిల్లు ఉండి లాగ్‌బుక్కులో ఎంట్రీ లేకపోతే ఆ సామాను ఎటు పోయిందని అడగాలి. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక మధ్యాహ్నం కూర్చుంటే మీ కమిటీ సంగతి మీకే తెలిసిపోతుంది. చార్టర్డ్ అకౌంటెంటు లెక్కలు చూస్తాడు గానీ లాగ్‌బుక్కు చూడడు, ఇంజినీరు లాగ్‌బుక్కు చూస్తాడు గానీ లెక్కలు చూడడు. రెండూ చూడాల్సింది ఆ సీట్లో కూర్చునే మీరే.

ఇక దారి. ముందు మీ చందా బాకీ లేకుండా కట్టేసి రసీదు తీసుకోండి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మూడు నెలలకు మించి బాకీ ఉన్నవాళ్లకి ఓటూ లేదు, సభ్యుడిగా లెక్కా లేదు, నోరెత్తిన వాళ్లని తోసేయడానికి కమిటీలు మొదట వెతికేది ఇదే. ఆ తర్వాత ఒక్కరే వెళ్లకండి, పదిమంది సంతకాలతో కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి. "లెక్కలు చూపించండి" అని గాల్లో రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా ఏడాది ఆడిట్ రిపోర్టు, మినిట్స్ బుక్, ఇన్సూరెన్స్ పాలసీ, ఇంజిను లాగ్‌బుక్కు అని పేర్లు పెట్టి అడగండి.

మహారాష్ట్రలో ఇలాంటి సొసైటీలు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కిందకి కూడా వస్తాయి, అంటే మీ అధ్యక్షుడి పైన చారిటీ కమిషనర్, అంటే ట్రస్టులను పర్యవేక్షించే ప్రభుత్వాధికారి ఉన్నాడు. కమిటీ మారితే 90 రోజుల్లోగా చేంజ్ రిపోర్టు వేయాలి. అందుకే అసిస్టెంట్ చారిటీ కమిషనర్ ఆఫీసుకి వెళ్లి మీ క్లబ్బు చివరిసారి ఎప్పుడు చేంజ్ రిపోర్టు వేసిందో, అందులో ఎవరి పేర్లున్నాయో చూడండి. మీకు తెలియని పేర్లు కనిపించినా, అసలు రిపోర్టే లేకపోయినా సగం పని అయినట్టే. లెక్కలు ఇవ్వకుండా పదే పదే ఎగ్గొట్టే ట్రస్టీలను, అంటే మీ దగ్గర కమిటీ వాళ్లను, సస్పెండ్ చేసే, తొలగించే అధికారం కమిషనర్‌కి 41డి సెక్షన్ ఇస్తుంది, ట్రస్టుతో సంబంధం ఉన్న ఎవరైనా అర్జీ పెట్టవచ్చు.

బావమరిది విషయంలో ఒకమాట. బంధువుకి పని ఇవ్వడమే నేరం కాదు. మూడు కొటేషన్లు తెప్పించారా, ఓటు వేసేటప్పుడు అధ్యక్షుడు గది బయటికి వెళ్లాడా, ఆ సంగతి మినిట్స్‌లో రాశారా అన్నదే అడగండి. మరాఠీ కాగితాల సంగతికొస్తే, మీ ఇళ్లల్లోనే మరాఠీ మీడియంలో చదివిన పిల్లలున్నారు, వాళ్లతో చదివించుకోనిదే ఇకపై దేనిమీదా సంతకం పెట్టకండి, దయచేసి.

ప్రశ్న: నేను రాజురా నుంచి రాస్తున్నా, ఒక క్లబ్బు కమిటీలో మెంబర్ని. ట్రైనింగులో ఒక కుర్రాడు విమానాన్ని గట్టిగా దించేశాడు, ముందు చక్రం వంగింది. బయటికి పొక్కితే క్లబ్బు మూతపడుతుందని, ఎవరికీ చెప్పొద్దని తీర్మానించారు. నేను ఒప్పుకోలేదు, అయినా కమిటీ నిర్ణయం అందరిదీ అంటున్నారు. రాజీనామా చేసేయనా?

జవాబు: అప్పుడే వద్దు బాబూ. మీరు బయటికొస్తే ఆ గదిలో అడిగేవాడే ఉండడు. ముందు మీ అసమ్మతిని మినిట్స్‌లో రాయించండి, రాయకపోతే అదేరోజు కార్యదర్శికి ఈమెయిల్ పెట్టండి, తేదీ పడుతుంది. కమిటీ నిర్ణయం అందరిదీ అన్న మాట పెయింటు రంగు గురించైతే సరే. ప్రమాదాన్ని దాచడానికి ఏ తీర్మానమూ పనికిరాదు. విమానం దెబ్బతిన్న ప్రమాదాన్ని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి, ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీకి తెలపడం నిబంధన. మీ ఘటన ప్రమాదం కిందకి వస్తుందా, చిన్న సంఘటన కిందకి వస్తుందా అని తేల్చాల్సింది వాళ్లు, మీ కమిటీ కాదు. అంతకంటే ముందు, ఆ ముందు చక్రం బిగించిన చోట ఫ్రేముకి పగుళ్లున్నాయేమో ఇంజినీరు చూసి సంతకం పెట్టేదాకా ఆ విమానం ఎక్కనివ్వకండి. రేపు ఎక్కేవాడికి అది వంగిన సంగతే తెలియదు.

మూతపడుతుందన్న భయం నాకూ అర్థమవుతుంది. కానీ క్లబ్బులు మూతపడేది చెప్పినందుకు కాదు. ఆస్ట్రేలియాలో సరదా విమానాల రిజిస్ట్రేషన్ చూసుకునే బాధ్యత సభ్యుల సంఘం చేతిలోనే ఉంటుంది, దాని పేరు రిక్రియేషనల్ ఏవియేషన్ ఆస్ట్రేలియా. 2012లో అక్కడి నియంత్రణ సంస్థ కాసా ఆడిట్‌లో ఆ రిజిస్ట్రేషన్ ఫైళ్ల లోపాలు బయటపడి, రెన్యూవల్స్ ఆగి, ఏ తప్పూ చేయని సభ్యుల విమానాలు కూడా నేలమీదే ఉండిపోయాయి. సభ్యులు నిలదీసింది బోర్డునే.

ప్రశ్న: మా క్లబ్బులో అధ్యక్షుడు, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్, సేఫ్టీ ఆఫీసర్ ముగ్గురూ ఒకే మనిషి. మంచివాడే. తప్పేమైనా ఉందా? (కిన్వట్)

జవాబు: ఉంది. ఆయన శిష్యుడు తప్పు చేస్తే విచారించేది ఎవరు, ఆయనే చేస్తే? మంచివాడైతే ఒక పదవి వదులుకోమంటే నొచ్చుకోడు. 2022 జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానంలో క్లబ్బు పైన రాష్ట్ర, ప్రాంతీయ సంఘాలు, వాటి పైన ఒక్కో క్రీడకు జాతీయ సంఘం, అన్నిటి పైనా ఎయిర్ స్పోర్ట్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఉండేలా పెట్టారు, కాబట్టి పైకి రాసుకునే దారి ఉంది. అంతదూరం వెళ్లకముందు వచ్చే మీటింగులో ఒక తీర్మానం పెట్టండి: సేఫ్టీ ఆఫీసరుగా కమిటీలో లేని సభ్యుణ్ణి ఎన్నుకోవాలి, అధ్యక్షుణ్ణి అడగక్కర్లేకుండా విమానాన్ని ఆపేసే అధికారం ఆ సభ్యుడికి ఉండాలి, హ్యాంగర్ తాళంచెవి ఒకటి ఆయన దగ్గర ఉండాలి.