ఆటస్థలం: డిస్కస్ విసిరాక వెనకవైపు నుంచే దిగాలి

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి పదో తరగతి. స్కూల్ పోటీల్లో తను విసిరిన డిస్కస్ అందరికన్నా దూరం పడింది. అయినా ఎర్ర జెండా ఎత్తారు. అడిగితే ‘సర్కిల్ ముందు నుంచి దిగింది’ అన్నారు. విసిరేశాక ఎటు దిగితే ఏమిటి? ఇది న్యాయమేనా?
– ఒక తండ్రి, చంద్రగిరి

జవాబు: న్యాయమేనండీ. పిల్ల ఎంత బాధపడి ఉంటుందో నాకు తెలుసు. కానీ ఒలింపిక్స్‌లోనూ రూలు ఇదే. విసిరేవాళ్లు నిలబడే సర్కిల్ వ్యాసం 2.5 మీటర్లు. దానికి రెండు పక్కలా, బయటివైపు, తెల్ల గీతలు ఉంటాయి. డిస్కస్ నేలను తాకేదాకా సర్కిల్ వదలకూడదు. తాకాక దిగేటప్పుడు కూడా మొదటి అడుగు పూర్తిగా ఆ గీతల వెనకే పడాలి.

నేను పీఈటీగా ఉన్న రోజుల్లో సర్కిల్ దగ్గర జడ్జిగా నిలబడితే, డిస్క్ ఎటు పోయిందో చూసేదాన్ని కాదు. కళ్లన్నీ షూ ముందు భాగం మీదే. సర్కిల్ చుట్టూ ఉండే ఇనుప రింగు లోపలి అంచుకు షూ ఒరుసుకున్నా తప్పు లేదు. ముందువైపు రింగు పైభాగాన్ని కాస్త తాకినా ఫౌలే.

మీ అమ్మాయి దిగిన తీరుకి కారణం ప్రాక్టీసులోనే ఉందని నా అనుమానం. పిల్లలు విసరగానే డిస్క్ తెచ్చుకోవడానికి నేరుగా ముందుకే పరిగెత్తుతారు. రోజూ అదే చేస్తే పోటీలో కాళ్లు ఇంకెటు పోతాయి? ఇకమీదట ప్రతి త్రోకీ డిస్క్ పడేదాకా ఆగి, వెనక్కి తిరిగి, వెనకవైపు నుంచి దిగాకే డిస్క్ కోసం వెళ్లనివ్వండి. తొందరేమీ లేదని కూడా చెప్పండి. పిలిచాక ఒక నిమిషం టైం ఉంటుంది. మధ్యలో బ్యాలెన్స్ తప్పినట్టనిపిస్తే, అప్పటికి ఫౌల్ కాకపోతే, ఆగి ఆ నిమిషంలోనే మళ్లీ మొదలుపెట్టొచ్చు. టెన్షన్‌లో పిల్లలు ఈ సంగతే మర్చిపోతారు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ ఫస్టియర్. షాట్‌పుట్ బాగా వేస్తాను. డిస్కస్ మాత్రం గాల్లో వణుకుతూ పోయి దగ్గర్లోనే పడుతోంది. వీడియోలు చూసి స్పిన్ నేర్చుకుంటే, నిలబడి వేసినదానికన్నా తక్కువ వస్తోంది. బలం చాలట్లేదా?
– పలమనేరు

జవాబు: బలం చాలకపోవడం కాదు నాయనా, ఆ బలమంతా నువ్వు చేతిలో పెడుతున్నావు. షాట్‌పుట్ వేసేవాళ్లు డిస్కస్‌కి వస్తే ముందు మాన్పించాల్సింది ఇదే.

పట్టు దగ్గర మొదలుపెట్టు. వేళ్లు కొంచెం ఎడంగా చాపి, నాలుగు వేళ్ల చివరి కణుపులే అంచుకి తగిలించు. బొటనవేలు డిస్క్ మీద ఊరికే ఆనాలి, నొక్కకూడదు. చెయ్యి ఊగుతున్న వేగానికే డిస్క్ పడిపోకుండా ఉంటుంది. వదిలేటప్పుడు చివరగా చూపుడు వేలి మీదుగా జారాలి. నీది కుడిచేతి వాటమైతే, పైనుంచి చూస్తే అది గడియారం ముళ్లు తిరిగే వైపే తిరగాలి. బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది కదా, డిస్కస్ కూడా అంతే. తిరుగుడు చాలకపోతే వణుకుతుంది. ఒక స్నేహితుణ్ని ఎదురుగా నిలబెట్టి, డిస్క్‌ని నేలమీద అంచు మీద దొర్లించు. వంకర పోకుండా అతని కాళ్ల దగ్గరికి చేరితే వేలు సరిగ్గా పనిచేస్తున్నట్టే. తిరుపతిలో పెద్ద పిల్లలతో కూడా నేను ఇది చేయించేదాన్ని.

ఇక స్పిన్. విసిరే దిక్కుకి వీపు పెట్టి నిలబడతాం. బరువు ఎడమ కాలి మీదికి తెచ్చి, ఆ మునివేళ్ల మీద తిరగాలి. కుడి కాలు చుట్టి వచ్చి సర్కిల్ నడిమధ్యకు దగ్గర్లో పడాలి, పడ్డాక కూడా ఆ పాదం తిరుగుతూనే ఉండాలి. ఎడమ కాలు చప్పున ముందు అంచు దగ్గర ఆనాలి. ఆ క్షణంలో నీ చెయ్యి ఎక్కడుందో ఎవరినైనా ఫోన్లో వీడియో తీయమను. అది ఇంకా తుంటికి వెనకే, బాగా దూరంగా ఉండాలి. నీది అప్పటికే ఛాతీ ముందుకి వచ్చేసి ఉంటుందని నా అంచనా. అలా వచ్చేస్తే తిరిగిన వేగమంతా వృథా. ముందు కుడి పాదం, తర్వాత తుంటి, ఆ తర్వాత ఛాతీ, అన్నిటికన్నా చివర చెయ్యి. ఎడమ కాలు గట్టిగా నిలబడి ఒంటిని ఆపితేనే ఆ వేగం డిస్క్‌కి అందుతుంది.

కొన్నాళ్లు ఫుల్ స్పిన్ ఆపేసి స్టాండింగ్ త్రో (నిలబడే వేయడం), తర్వాత హాఫ్ టర్న్ (సగమే తిరిగి వేయడం) చెయ్యి. మరొకటి: ఎదురుగాలి వస్తే దిగులుపడకు. మరీ జోరుగా లేకపోతే అది డిస్క్‌ని మోస్తుంది. కాస్త తక్కువ కోణంలో వదిలితే సరి. లిథువేనియా ఆటగాడు మికోలాస్ అలెక్నా 2025లో 75.56 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టిన అమెరికా ఓక్లహోమాలోని రమోనా మైదానం గాలికి పేరుమోసినదే.

ప్రశ్న: మా పాపకి డిస్కస్ కొనాలి. వయసుని బట్టి బరువు మారుతుందా?
– ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: అమ్మాయిలకి అండర్-18 నుంచి సీనియర్స్ దాకా 1 కిలోనే అమ్మా. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో కృష్ణా పూనియా 61.51 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచింది ఆ బరువుతోనే. అబ్బాయిలకైతే అండర్-18లో 1.5 కిలోలు, అండర్-20లో 1.75, సీనియర్స్‌కి 2. మొదట్లోనే ఖరీదైనది వద్దు, రబ్బరుది చాలు. చుట్టూ రక్షణ నెట్ లేని చోట ప్రాక్టీస్ చేస్తుంటే మాత్రం మిగతా పిల్లల్ని పక్కల నిలబడనివ్వకండి, అందరూ బాగా వెనక్కి ఉండాలి. డిస్క్ చేయి జారితే ఎటు పోతుందో విసిరినవాళ్లకి కూడా తెలీదు.