యాక్సిడెంట్ తర్వాత నిద్ర కోసం తాగుతున్న మనిషికి ముందు తాగుడు మాన్పించాలా, నిద్ర మాత్రలు వాడాలా?

పి.గన్నవరం నుంచి అడిగిన చెల్లెమ్మగారికి. మీ ఆయన నడిపే ట్రాలీ ఆటో వానలో కాలువలోకి బోల్తా కొట్టి ఆరు నెలలైందని, పక్కన కూర్చున్న కుర్రాడు దక్కలేదని రాశారు. అప్పట్నుంచి ఈయన అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తున్నారు, రోజూ మందు పడితే గానీ కన్ను మూతపడటం లేదు. ముందు తాగుడు మానితే అన్నీ అవే సర్దుకుంటాయని అత్తగారు, నిద్ర మాత్రలు వేస్తే తాగుడు అదే తగ్గుతుందని మందుల షాపాయన. ఏది ముందు అన్నది మీ ప్రశ్న.

నన్నడిగితే ఏదీ ముందు కాదండి. భయం, నిద్ర, తాగుడు మూడింటినీ ఒకే డాక్టరు ముందు ఒకేసారి పెట్టాలి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా నాన్న.

మాది కాట్రేనికోన వైపు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి ఉప్పెన నీళ్ళు ఇళ్ళ మీదకొచ్చినప్పుడు ఆయన కొబ్బరిచెట్టు కావలించుకుని తెల్లవార్లూ ఉన్నారు. ఒక చేత్తో చెట్టుని, రెండో చేత్తో మా బాబాయిని పట్టుకున్నారు. తెల్లారేసరికి బాబాయి లేడు. వెయ్యిమందికి పైగా పోయిన తుపాను కాబట్టి మా ఇంటి ఏడుపు మా ఒక్కరిదే కాదు, ఎవరు ఎవర్ని ఓదారుస్తారు? ఆ ఏడాది రాష్ట్రమంతా మద్యనిషేధం. మాకేం లోటు, ఎదుర్లంక రేవు దాటితే యానాం! అది పుదుచ్చేరి కింద ఉంది గనక నిషేధం అక్కడ లేదు. అప్పటికింకా వంతెన పడలేదు. పడవలో వెళ్ళి తాగి, ఆఖరి పడవకి వచ్చి పడుకునేవారు. అంతకుముందు పండక్కో పెళ్ళికో తప్ప ముట్టని మనిషి.

తాగితే నిద్ర పడుతుందన్నది అబద్ధం కాదు, అదే అసలు చిక్కు. మందు తొందరగా నిద్రపుచ్చుతుంది, రాత్రి మొదటి సగంలో గాఢంగానే పడుకోబెడుతుంది. కలలొచ్చే నిద్రని ఆ సమయంలో అణిచిపెడుతుంది కూడా, పీడకలలతో వేగే మనిషికి అది వరంలాగే అనిపిస్తుంది. ఒంట్లోంచి మందు దిగుతున్న కొద్దీ రెండో సగంలో నిద్ర ముక్కలైపోతుంది, అణిగి ఉన్న కలలు ఒక్కసారిగా తన్నుకొస్తాయి. మా నాన్న రెండు, మూడు గంటల మధ్య చెమటలు పట్టి లేచి వీధి అరుగు మీద కూర్చునేవారు. పగలంతా చిరాకు. చీకటి పడుతుంటే మళ్ళీ ఆ రాత్రి గడవాలన్న బెంగ. బెంగకి మళ్ళీ మందు. మీ ఆయన ఏ వేళకి లేస్తున్నారో గమనించండి, నేను చెప్పింది మీకే తెలుస్తుంది.

మనుషులు సరదాకి కాదు, తట్టుకోలేని బాధని తగ్గించుకోవడానికి మత్తు పట్టుకుంటారని ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1985లో ఒక వ్యాసం రాశారు. తాగేవాణ్ణి తిట్టడం తప్ప ఏమీ తెలియని మన ఇళ్ళల్లో ఆ మాట ఇంకా కొత్తగానే ఉంటుంది. నాకైతే అది సగం మాటే అనిపిస్తుంది. తాగుడు ఎందుకు మొదలైందో అది చెబుతుంది. మొదలయ్యాక ఆ తాగుడే భయాన్ని, నిద్రలేమిని పెంచి పోషిస్తుంది కదా, ఆ సంగతి విడిగా చూసుకోవాలి.

ఇప్పుడు మీ అత్తగారి మాట. దయచేసి ఇంట్లో ఉన్నపళంగా మాన్పించకండి. మన వైపు తాగుడు మానడానికి అందరికీ తెలిసిన దారి అయ్యప్ప మాల. ఒక ఏడాది మా నాన్న కూడా వేసుకున్నారు. రెండో రోజుకి చేతులు వణికి కాఫీ గ్లాసు నిలవలేదు. తర్వాత ఫిట్స్ వచ్చింది, ఆ రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచారు, బాబాయి పేరు పెట్టి పిలిచారు. పోయినవాడి గాలి సోకిందన్నారు చుట్టుపక్కలవాళ్ళు. స్వామి సేవలో లోపం జరిగిందన్నారు ఇంకొందరు. గాలీ కాదు, లోపమూ కాదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారి ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతిభ్రమ రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం మీదకి వస్తుంది. అందరికీ రాదు, కానీ ఎవరికి వస్తుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం. ఇంకో మాట. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు వెంటనే గ్లూకోజు ఎక్కిస్తారు. ఏళ్ళ తరబడి తాగిన మనిషికి దానికంటే ముందు బి1 విటమిన్ ఇంజక్షన్ పడాలి, లేకపోతే మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

షాపాయన మాత్రల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆల్ప్రాజోలం లాంటివి మందుతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది, చీటీ లేకుండా అమ్మకూడదు కూడా. అవి అలవాటు పడతాయి, ప్రమాదం తాలూకు భయాన్ని మాత్రం నయం చెయ్యవు. తాగుడు దింపేటప్పుడు ఆస్పత్రిలో అదే కుటుంబానికి చెందిన మందులు కొద్ది రోజులు ఇచ్చి తగ్గించేస్తారు. అది డాక్టరు చేతిలో ఉండాల్సిన పని, షాపులో కాదు.

తాగుడు పూర్తిగా మానాకే మనసు వైద్యం అనే పద్ధతి చాలాకాలం డాక్టర్లలోనూ ఉంది. పాత భయాన్ని కదిపితే ఇంకా తాగుతాడని అనుమానం. దాన్ని పరీక్షించినవాళ్ళున్నారు. ఆస్ట్రేలియాలో ఇలా పాత భయమూ, ఏదో ఒక మత్తు అలవాటూ రెండూ ఉన్న 103 మందిని తీసుకుని, కొందరికి మామూలు వైద్యంతో పాటు భయాన్ని మెల్లిగా ఎదుర్కొనే చికిత్స, మత్తు చికిత్స కలిపి ఇచ్చారు. 2012లో ఫలితాలు వచ్చాయి. కలిపి చేసినవాళ్ళలో పాత భయం తాలూకు బాధ ఎక్కువ తగ్గింది, మత్తు వాడకం పెరగలేదు. మత్తు విషయంలో మాత్రం రెండు గుంపులకీ పెద్ద తేడా కనపడలేదు, అదీ చెప్పుకోవాలి. నాకు కావాల్సింది ఒకటే: భయాన్ని ముట్టుకుంటే మనిషి పాడైపోతాడన్న మాట నిలవలేదు.

మాల సంగతి జరిగాక మా నాన్నని కాకినాడ పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చేర్చాం. ఒంట్లో మందు దిగాక అక్కడి సైకాలజిస్టు నిద్ర లెక్క రాయించారు. ఎనిమిదింటికే మంచమెక్కి పొర్లే అలవాటు మాన్పించారు. నిజంగా పట్టే నిద్ర ఎంతో అంతసేపే మంచం, నిద్ర రాకపోతే లేచి వెళ్ళిపోవడం, ఎలా పడుకున్నా తెల్లారి ఒకే వేళకి లేవడం. మొదట్లో ఆయన ఆవిడ మీద విసుక్కున్నారు, "నిద్ర లేదని వస్తే ఉన్న నిద్రా తీసేస్తారేంటండీ" అని. మొండి నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఈ పద్ధతే పెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో చెప్పిందని నేను తర్వాత చదివాను.

పీడకలకి వేరే మందేమీ ఇవ్వలేదు. కలని పగటిపూట, మెలకువలో మార్చి చెప్పమన్నారు. బారీ క్రాకోవ్ అనే ఆయన బృందం 2001లో ఈ పద్ధతి మీద పరిశోధన ప్రచురించింది. నాన్నకి రాయడం రాదు, ఆయన చెబుతుంటే మా అమ్మాయి రాసింది. అసలు కలలో బాబాయి చెయ్యి జారుతుంది. మార్చిన కలలో గోదావరి దాటించే కోటిపల్లి రేవు పంటు వస్తుంది, పంటు కుర్రాడు తాడు విసురుతాడు, ఇద్దరూ ఎక్కి ముక్తేశ్వరం ఒడ్డున దిగి టీ తాగుతారు. రోజూ పగలు కాసేపు కళ్ళు మూసుకుని అదే ఊహించుకునేవారు. మొదటివారం నవ్వుకున్నాం. కల పూర్తిగా పోలేదు గానీ అరుపులు తగ్గాయి, లేచినా మళ్ళీ పడుకోగలిగారు. తాగుడు ఒక్కసారిగా పోలేదు. మధ్యలో రెండు సంక్రాంతులు జారారు, నవంబరు వస్తే ఇప్పటికీ జాగ్రత్తగానే ఉంటాం.

మీ ఇంటికి వచ్చే చుట్టాల గురించి కూడా రాశారు. వచ్చిన ప్రతివాళ్ళూ "ఎలా జరిగింది బాబూ" అని మొదట్నుంచీ చెప్పించుకోవడం ఆపించండి. పరామర్శే, కాదనను. కానీ డాక్టరు దగ్గర ఒక పద్ధతి ప్రకారం చెప్పుకోవడం వేరు, వీధి అరుగు మీద పదిమందికి ఒప్పజెప్పడం వేరు. చనిపోయిన కుర్రాడి ఇంటికి ఆయన్ని బలవంతాన తీసుకెళ్ళకండి, తనే వెళ్తానంటే అడ్డుపడకండి.

స్టీరింగ్ ఇప్పుడే వద్దు. రాత్రి తాగిన మందు పొద్దున్నకి పూర్తిగా దిగిందని చెప్పలేం, పైగా నిద్ర లేని కళ్ళు. కాలువ గట్టు మీద మళ్ళీ ఎప్పుడు నడపాలన్నది చికిత్సలో భాగంగానే వస్తుంది. మొదట ఎవరో నడుపుతుంటే పక్కన కూర్చోవడంతో మొదలెడతారు.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రోజుకి ఎంత తాగుతున్నారు, చివరిసారి ఎప్పుడు, ఎన్నింటికి లేస్తున్నారు, ఇంతకుముందు ఫిట్స్ ఉన్నాయా, ఏ మాత్రలు వేశారు అన్నవి రాసుకెళ్ళండి. ఆయన రానంటే ముందు మీరే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని కేంద్రం 2022లో పెట్టింది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. బతకడం దండగ అని ఆయన ఒక్కసారి అన్నా, చేతులు వణికి మాట తడబడినా ఇక అపాయింటుమెంటు చూడకండి, 108కి చెయ్యండి.