వారంటీ దాటాక టర్బో పోయింది: కొత్త బండి అడగవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. 2022 సెప్టెంబర్‌లో ఫైనాన్స్ మీద 9 లక్షల 60 వేలకు పికప్ బండి తీసుకున్నాను. నేనే నడుపుతాను, అప్పుడప్పుడు మా బావమరిది సాయం వస్తాడు. బత్తాయి, కూరగాయలు బాటసింగారం మార్కెట్‌కు వేస్తాం. వారంటీ రెండేళ్లు లేదా 72 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2023 జూన్ నుంచే లోడు మీద బండి గుంజుతలేదు, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. షోరూం వర్క్‌షాపుకు మూడుసార్లు పోయాం. ఒకసారి కోడ్ (బండి కంప్యూటర్ చూపే లోపం గుర్తు) తీసేశామన్నారు, ఒకసారి ఏమీ లేదన్నారు, ఒకసారి సెన్సార్ మార్చారు. 2024 మార్చి 12న, 73,600 కిలోమీటర్ల దగ్గర, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) పోయిందని చెప్పి రూ.62,400 కట్టించుకున్నారు. జూలైలో మళ్లీ అదే లైటు. మా ఊరి మెకానిక్ చూస్తే టర్బో వైపు క్లిప్పు కింద గాలి గొట్టం చీలి ఉంది. రూ.2,800తో పని అయిపోయింది. ఆ పాత గొట్టం మా కొట్టంలో మేకుకు వేలాడుతోంది. నా భార్య పుస్తెలతాడు కుదవపెట్టి ఆ టర్బో డబ్బు కట్టాను. కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. ఇప్పుడు ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే భాగం) కోడ్ వస్తోంది. 15 వేలు ఇస్తే సాఫ్ట్‌వేర్‌తో లైటే రాకుండా చేస్తామని తెలిసినవాళ్లు అంటున్నారు. చేయించుకోవచ్చా? కంపెనీ కొత్త బండి ఇచ్చేలా కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా మీ బాధ ఉంది. నాకు కావలసింది మాత్రం రెండో పేజీ అడుగున, మీరు మాటవరసకు రాసిన ఒక ముక్కలో ఉంది: "కోడ్ తీసేశామన్నారు." మీ కేసంతా దాని మీదే నిలబడుతుంది.

ముందుగా కొత్త బండి ఆశ వదులుకోండి. బండి మార్చి ఇమ్మంటే తయారీలోనే లోపం ఉందని నిరూపించాలి, దానికి నిపుణుడి నివేదిక కావాలి. చెడిన భాగాన్ని మారిస్తే సరిపోయేచోట మొత్తం వాహనాన్ని మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు 2006లోనే మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో చెప్పింది. మీ బండి రూ.2,800 గొట్టంతో బాగుపడింది. ఆ బిల్లు చూపించి కొత్త బండి అడిగితే వినియోగదారుల కమిషన్ ముందు మీ మాటకు విలువ పోతుంది, అసలు రావలసిన డబ్బు కూడా చేజారుతుంది.

మీది సేవాలోపం కేసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) కిందకు వస్తుంది. తేడా ఎక్కడుందో అర్థం కావాలంటే ఆ కోడ్ సంగతి తెలియాలి. మీరు పంపిన మొదటి జాబ్ కార్డు (బండి ఇచ్చినప్పుడు వర్క్‌షాపు రాసే కాగితం) ఫోటోను పెద్దది చేసి చూశాను. "కస్టమర్ కంప్లయింట్: పికప్ తక్కువ, లైటు ఆన్" అని, దాని కింద చేతిరాతతో "పి0299 క్లియర్డ్, రోడ్ టెస్ట్ ఓకే" అని ఉంది. తేదీ 2023 జూన్, రీడింగ్ 38,400.

పి0299 అంటే టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి ఇంజిన్‌కు అందడం లేదని అర్థం. టర్బో పోయిందని కాదు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఇంత ఒత్తిడి కావాలని అడుగుతుంది, ఎంత వచ్చిందో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్ చెబుతుంది. రెండింటికీ తేడా కొంతసేపు కొనసాగితే కోడ్ పడుతుంది, బండి తన్ను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటుంది. మీరు "గుంజుతలేదు" అన్నది అదే. కారణాలు చాలా ఉండవచ్చు: గొట్టం చీలడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, టర్బో లోపలి రెక్కలకు మసి పట్టి కదలకపోవడం, ఆ రెక్కలను కదిపే యాక్చుయేటర్ పనిచేయకపోవడం, సెన్సారే తప్పు చెప్పడం. వీటిలో ఏదో తేల్చడానికి గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూస్తారు, లేదా గాలి ఒత్తిడి పెట్టి చూస్తారు. ఇది పెద్ద ఖర్చయ్యే పని కాదు. మీ జాబ్ కార్డుల్లో ఆ పరీక్ష చేసినట్టు ఒక్క ముక్క లేదు. మొదటిసారి కోడ్ చెరిపారు. మూడోసారి సెన్సార్ మార్చారు. గాలి తక్కువుందని ఆ సెన్సార్ నిజమే చెబుతోంది, జ్వరం చూపించిన థర్మామీటర్‌ను పారేసినట్టు దాన్ని మార్చారు.

గాలి గొట్టం కారుతుంటే ఆ లోటు పూడ్చడానికి టర్బో మామూలు కంటే ఎక్కువ వేగంతో తిరుగుతుంది, దాని బేరింగులు అరుగుతాయి. కాబట్టి వారంటీలో ఉండగా వెతకని చీలికే వారంటీ దాటిన 1,600 కిలోమీటర్లకు టర్బోను తినేసిందని మనం వాదించవచ్చు. "కిలోమీటర్లు దాటాయి కదా" అని వాళ్లంటే, మనం వారంటీ కింద టర్బో అడగడం లేదని చెబుతాం. వారంటీలో ఉండగా వాళ్లు చేయాల్సిన పరిశీలన చేయకపోవడం వల్ల కలిగిన నష్టం అడుగుతున్నాం. అప్పుడు వారంటీ గడువు మనకు అడ్డు కాదు.

వాళ్ల నుంచి రాబోయే జవాబు కూడా ఊహించగలను. గొట్టం 2024 జూలైలో చీలింది, అంతకుముందు బాగానే ఉందంటారు. దానికి మీ దగ్గర ఒక గట్టి విషయం ఉంది, మీరు గమనించినట్టు లేదు. చీలిక టర్బో వైపు క్లిప్పు కింద ఉందని రాశారు. టర్బో మార్చాలంటే ఆ క్లిప్పు విప్పి గొట్టం పక్కకు తీయక తప్పదు. అంటే మార్చి 12న ఆ గొట్టం చివర వాళ్ల మెకానిక్ చేతిలోనే ఉంది. ఏడాది కిందటి కోడూ, ఆ తర్వాతి కోడూ ఒకటే అయినప్పుడు, మధ్యలో ఆ చివర పట్టుకున్న మనిషి ఏం చూశాడో వాళ్లే చెప్పాలి.

ఆ గొట్టాన్ని ఈ రోజే మేకు మీద నుంచి తీయండి. ఎండకు రబ్బరు ఇంకా పగుళ్లు తీస్తే, ఏది పాత చీలికో ఏది కొత్తదో ఎవరూ చెప్పలేరు. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి, కవర్లో వేసి సీలు చేసి, మీ మెకానిక్‌తో కలిసి తేదీ వేసి సంతకాలు పెట్టండి. ఆయనతో ఒక అఫిడవిట్ కూడా ఇప్పించండి: గొట్టం ఎప్పుడు విప్పాడు, ఎక్కడ చీలి ఉంది, మార్చాక బండి ఎలా నడిచింది. ఆయనకు డిప్లొమా లేకపోతే ఆటోమొబైల్ ఇంజినీరు ఒకరి చేత చీలికకూ టర్బో అరుగుదలకూ సంబంధం మీద అభిప్రాయం రాయించండి.

ఇక కాస్త తిట్టాల్సిన విషయాలు. 62,400 కట్టి మార్పించుకున్న పాత టర్బోను వర్క్‌షాపులోనే వదిలేసి వచ్చారు. డబ్బు కట్టి మార్చుకుంటే పాత సామాను మీది. దాని రెక్కల మీద ఇసుకతో రుద్దినట్టు గీతలుంటే దుమ్ము లోపలికి పోయిందని తెలిసేది, బేరింగు కాలి ఉంటే నూనె కథ తెలిసేది. ఇప్పుడది ఏ పాత ఇనుప సామాన్ల కొట్లో కరిగిపోయిందో. రెండోసారి బండిని బావమరిదితో పంపారు, జాబ్ కార్డు మీద "జనరల్ చెకప్" అని మాత్రమే రాశారు, ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. మూడో జాబ్ కార్డు మీ దగ్గర లేనేలేదు. వర్క్‌షాపుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి బండి సర్వీస్ హిస్టరీ మొత్తం అడగండి. ఇవ్వకపోతే పత్రాలు తెప్పించే అధికారం సెక్షన్ 38(9) కింద జిల్లా కమిషన్‌కు ఉంది, దరఖాస్తు వేద్దాం.

అన్నిటికన్నా చికాకు పుట్టించింది మీరు కంపెనీకి రాసిన ఉత్తరం. పైన పేరుతో ముద్రించిన "ట్రాన్స్‌పోర్ట్స్" లెటర్‌హెడ్, లోపల "మా వ్యాపార సంస్థకు రోజుకు వేలల్లో నష్టం" అని వాక్యం. వాళ్లను భయపెడదామనుకున్నారు. వాణిజ్య అవసరానికి కొన్నవాడు వినియోగదారుడే కాదని సెక్షన్ 2(7) చెబుతుంది, ఆ లెటర్‌హెడ్‌ను వాళ్ల లాయరు మొదటి రోజే బయటికి తీస్తాడు. అదృష్టం కొద్దీ ఆ సెక్షన్ వివరణలోనే మీకు దారి ఉంది: స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొని వాడుకుంటే అది వాణిజ్య అవసరం కాదు. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు సరిగ్గా లారీ కొని తానే నడుపుకునే మనిషిని ఉదాహరణగా తీసుకుంది. ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఆ హోదా పోదని కూడా చెప్పింది, కాబట్టి బావమరిది మీకు అడ్డు కాడు. కానీ బండి మొత్తం ఇంకొకరి చేతికిచ్చి నడిపిస్తే మీరు వినియోగదారులు కారు. రెండో బండి కొని డ్రైవర్‌ను పెట్టే ఆలోచన ఉందని ఉత్తరం చివర రాశారు. కేసు తేలేదాకా దాన్ని పక్కన పెట్టండి.

మీరే నడుపుతున్నారని చూపడానికి లైసెన్సు, మార్కెట్లో మీ పేరున ఇచ్చిన తక్‌పట్టీలు (సరుకు అమ్మిన రసీదులు), బండి లోను మీద మీ సంతకాలు తీసి పెట్టుకోండి. పంతంగి టోల్‌గేటు దగ్గరి ఫాస్టాగ్ లెక్క బండి తిరిగిన రోజులు చూపుతుంది, స్టీరింగ్ దగ్గర ఎవరున్నారో చూపదు. అయినా పోయిన ట్రిప్పులు లెక్కవేయడానికి పనికొస్తుంది.

కాలపరిమితి. సెక్షన్ 69 ప్రకారం కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. గొట్టం సంగతి తెలిసిన 2024 జూలై నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. నేను మార్చి 12, 2024 నుంచే లెక్కపెడతాను. మీ ఉత్తరం మీద తేదీ 2026 జనవరి రెండో వారం. సంక్రాంతి పోయాక చూద్దామనుకున్నట్టున్నారు. మార్చి 11 లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. కంపెనీకి మీరు రాసిన ఉత్తరాలు, ఈమెయిళ్లు గడువును ఒక్క రోజు కూడా పెంచవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, కొందరికి అక్కడే తేలిపోతుంది, కానీ ఫోన్ చేసినంత మాత్రాన గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, తగిన కారణం చూపాలి. "జవాబు ఇస్తారేమోనని చూశాను" అంటే అది కారణం కిందకు రాదు.

ఈజీఆర్ సాఫ్ట్‌వేర్ సంగతికి వస్తే, ఆ 15 వేలు ఇవ్వకండి. బండి తయారీ లక్షణాలను మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు దాటితే 190(2) కింద మొదటిసారికే 10,000 దాకా జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోయే ప్రమాదం. అంతకన్నా నాకు కేసు దిగులు ఎక్కువ. కంపెనీ ఇంజినీరు స్కానర్ పెట్టగానే మొదట చూసేది ఈసీయూలోని సాఫ్ట్‌వేర్ అసలుదేనా కాదా అని, అది గుర్తు పట్టే సంఖ్య అందులోనే కనిపిస్తుంది. కోడ్ చెరిపి ఎన్ని కిలోమీటర్లయిందో కూడా చూపుతుంది. "ఈయన ఈసీయూ మార్చుకున్నాడు, టర్బో అందుకే పోయింది" అని ఒక్క పేరా రాస్తే ఏడాదిన్నర మీ శ్రమ నీళ్ల పాలు. కోడ్ చెరిపేసి బండి అమ్మేయడం కూడా అంతే, కొన్నవాడు రేపు మీ మీదే ఫిర్యాదు వేస్తాడు.

ఈజీఆర్ కోడ్‌కు మీ మెకానిక్ దగ్గరే దారుల్లో మసి పట్టిందేమో చూపించి శుభ్రం చేయించండి, బిల్లు తీసుకోండి. చెరిపే ముందు ఒక వీడియో తీయండి: ముందు నంబరు ప్లేటు, తర్వాత ఓడోమీటర్, తర్వాత స్కానర్ తెర మీద కోడ్, దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడిన క్షణాన ఇంజిన్ వేగం, లోడు ఎంత ఉన్నాయో ఆ లెక్క. మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా ఉండాలి. ఫోన్‌లోని వీడియోలు, ఫోటోలు, వాట్సాప్ మెసేజ్‌లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఈ కొత్త కోడ్‌ను మాత్రం ఫిర్యాదులో కలపకండి. అది వారంటీ పోయాక వచ్చింది, పాత కథను పలచబరుస్తుంది.

ఫిర్యాదు మీరుండే చోట, నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. బండికి కట్టిన మొత్తం 5 నుంచి 10 లక్షల మధ్య ఉంది కనుక ఫీజు 200 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. వర్క్‌షాపు నడిపిన డీలర్‌నూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. అడగాల్సింది టర్బోకు కట్టిన 62,400, గొట్టానికి 2,800, రుజువున్న ట్రిప్పుల నష్టం, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. పుస్తెలతాడు కుదవ రసీదు కూడా జతచేయండి, వేదన పద్దు కింద దానికీ కొంత విలువ ఉంది. "ట్రాన్స్‌పోర్ట్స్" లెటర్‌హెడ్ కాగితం కట్ట మిగిలి ఉంటే మీ పిల్లల రఫ్ లెక్కలకు ఇచ్చేయండి. ఫిర్యాదు తెల్లకాగితం మీద రాయండి, వృత్తి అన్నచోట "సొంత బండి డ్రైవర్" అని రాయండి.