బౌలింగ్ మాన్పించి బ్యాట్ పట్టించాలా?

ప్రశ్న: మాది కర్నూలు. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. అకాడమీలో ఫాస్ట్ బౌలింగ్ నేర్చుకుంటున్నాడు. ఈ రోజుల్లో బౌలర్లను చితకబాదుతున్నారు కదా, ఇప్పుడే బ్యాటింగ్‌కి మార్చేస్తే మంచిదా?

జవాబు: మీ భయం ఊరికే పుట్టింది కాదండి. 2024 ఏప్రిల్ 15న ఐపీఎల్‌లో మన చిన్నస్వామి స్టేడియంలో హైదరాబాద్ 287 కొడితే, బెంగళూరు 262 దాకా వచ్చింది. 40 ఓవర్లలో 549 పరుగులు! ఆ రాత్రి టీవీ చూసిన ఏ తండ్రికైనా కొడుకు చేతిలో బంతి కంటే బ్యాటే నయమనిపిస్తుంది. దగ్గరి బౌండరీలకు తోడు, 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ పేరుతో అదనంగా ఇంకో బ్యాటర్.

కానీ మీవాడు ముందుగా ఎక్కాల్సిన మెట్లు వేరు. అండర్-16లో విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19లో కూచ్ బెహార్ ట్రోఫీ, ఆపైన రంజీ. అన్నీ రోజుల తరబడి ఎర్రబంతితో సాగే ఆటలే. అక్కడ మ్యాచ్ నికరంగా గెలవాలంటే మామూలుగా 20 వికెట్లు తీయాలి. నేను చూసినంతలో ప్యాడ్లు కట్టుకుని వరసలో నిలబడే పిల్లలే ఎక్కువ. ఒళ్లు వంచి బంతి వేసేవాళ్లు తక్కువ.

పైగా నిబంధనలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. వన్డేల్లో 2011 నుంచి రెండు కొత్త బంతులు వాడటంతో రివర్స్ స్వింగ్ (పాతబడ్డ బంతి గాలిలో ఎదురు దిశకు తిరగడం) దాదాపు మాయమైంది. 2025లో ఐసీసీ 34 ఓవర్ల తర్వాత ఒకే బంతి చాలంది. ఇలా మారే వాటిని చూసి పిల్లాడి దారి మార్చకండి. అందరూ దెబ్బలు తింటున్నప్పుడే పరుగులివ్వని వాడికి గిరాకీ. 2024 టీ20 ప్రపంచకప్‌లో బుమ్రా 15 వికెట్లు తీశాడు, ఓవర్‌కి ఇచ్చింది 4.17 పరుగులే. చిన్నప్పుడు ఇంట్లో, అమ్మకు చప్పుడు వినపడకుండా, గోడ నేలను తాకే అంచు మీదే బంతి వేసేవాడట. ఆ గురి అక్కడే కుదిరింది.

నాకున్న బెంగల్లా వాడి నడుము గురించే. ఎదిగే వయసులో అతిగా బౌలింగ్ చేస్తే వెన్నెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి పగులు) వచ్చే ప్రమాదం ఉంది. అకాడమీ, స్కూలు, అపార్ట్‌మెంట్ మ్యాచ్‌లు... మూడు చోట్లా వేసిన బంతులన్నీ ఒకే నోటుపుస్తకంలో మీరే రాయండి. నడుం నొప్పంటే ఆ రోజే ఆపించి ఫిజియోకి చూపించండి. ‘కొంచెం ఓర్చుకో’ అని మాత్రం అనకండి.

బ్యాటింగ్ మానక్కర్లేదు, ఎనిమిదో నంబర్లో నిలబడి 20 పరుగులు చేయగలిగితే ఎంపికలో పనికొస్తుంది. వచ్చే ఏడాది పదో తరగతి, చదువు మాత్రం ఆగకూడదు.

వచ్చే ఆదివారం నెట్స్‌కి మీరే వెళ్లండి. గుడ్ లెంగ్త్‌లో, అంటే బ్యాటర్ ముందుకెళ్లాలో వెనక్కి తగ్గాలో తేల్చుకోలేని చోట, పాత బూటు ఒకటి పెట్టించి, 12 బంతుల్లో ఎన్ని దాని జానెడు దూరంలో పడ్డాయో లెక్కపెట్టండి. నెల తర్వాత ఆ లెక్క, నోటుపుస్తకం, అబ్బాయి ముగ్గుర్నీ తీసుకుని నా దగ్గరికి రండి. ‘నీకేది ఇష్టం నాన్నా?’ అని వాణ్నే అడుగుదాం.