వడకట్టిన నీళ్లు మళ్లీ తొట్టిలోకి: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

తొట్టిలో పెంచే తినే నాచు, స్పైరులినా, గుడ్డతో వడకట్టి తీసేశాక మిగిలిన నీళ్లు పారబోయకుండా తిరిగి తొట్టిలోకే పంపుదామనుకుంటున్నావట. చెయ్యాల్సిన పనే. లీటరుకు అర గ్రాము చొప్పున తీసినా, కిలో ఎండు నాచుకు 2000 లీటర్లు గుడ్డలోంచి దిగాలి. స్పైరులినా పెంచడానికి లవణాలు కలిపి చేసే జరూక్ మీడియంలో లీటరుకు 16.8 గ్రాముల వంటసోడా ఉంటుంది. అంటే ఆ నీళ్లు వదిలేస్తే 33 కిలోల పైచిలుకు సోడా కాలవపాలు.

కాకపోతే, నాచు కోసిన ప్రతిసారీ మీడియం పట్టికలో ఉన్న లవణాలన్నీ మళ్లీ వేసుకుంటూ పోకు. చాలామంది తొట్లు చెడేది అక్కడే. నాచు ఏం తిన్నదో అది మాత్రమే వెయ్యి. కిలో ఎండు స్పైరులినాలో సుమారు 100 గ్రాముల నత్రజని ఉంటుంది. అది సోడియం నైట్రేట్‌గా ఇవ్వాలంటే 600 గ్రాములు కావాలి. నాచు నైట్రేట్ లాక్కుని సోడియం వదిలేస్తుంది. 160 గ్రాములకు పైగా సోడియం నీళ్లలోనే ఉండిపోతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అదే సోడా అవుతుంది. ఇక నువ్వు పైనుంచి ఇంకా సోడా పోస్తే ఉప్పు పెరగక ఏమవుతుంది? పీహెచ్ (నీళ్ల క్షారగుణం చెప్పే అంకె) 10.5 దాటిందని కంగారుపడి సోడా వెయ్యకు. కోతకూ కోతకూ మధ్య కాస్త ఎడం ఇచ్చి, కలుపుతూ ఉండు. గాలిలోంచి కార్బన్ అందితే అదే దిగుతుంది.

యూరియా అయితే 220 గ్రాములు చాలు, ఉప్పు మిగలదు. కానీ ఆ పీహెచ్‌లో యూరియా విరిగి వచ్చే అమ్మోనియా నాచును చంపేస్తుంది. వాడదలిస్తే రోజుకు కొంచెం కొంచెంగా వెయ్యి, పొద్దున్నే తొట్టి మీదికి వంగి వాసన చూడు. ముక్కు ఘాటెక్కితే ఆ రోజుకు ఆపెయ్. నాకు మటుకు నైట్రేటే నచ్చుతుంది. నిద్ర పడుతుంది.

నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చూపే టీడీఎస్ మీటరు పెట్టేముందు ఒక సంగతి. ఎండకు నీళ్లు ఆవిరైతే ఉప్పు దానంతటదే ఎక్కువ చూపిస్తుంది. తొట్టి గోడ మీద గీత గీసుకుని, నీళ్లు గీత దాకా పోశాకే కొలువు. పోసేది వాననీళ్లయితే మేలు. కఠినజలం పోస్తే అందులోని కాల్షియం, నువ్వు వేసిన ఫాస్ఫేట్‌ను పట్టుకుని తెల్లటి మడ్డిగా అడుక్కి దిగిపోతుంది. నాచుకు ఆకలి, నీకు ఖర్చు.

గుడ్డ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. పొడుగు పోగులుగా ఉండే స్పైరులినాను గుడ్డ ఆపుతుంది. తొట్టిలో కలుపులా చేరే వేరే నాచు, గుండ్రటి చిన్న క్లోరెల్లాను ఆపలేదు. ఆ నీళ్లే తిరిగి పోస్తే, పంట కోసుకుని కలుపు విత్తనాలు చల్లుకున్నట్టే. అందుకని వడకట్టిన నీళ్లు గాజుగ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూడు. లేత పసుపుగా ఉంటే పోసుకోవచ్చు. పచ్చగా ఉంటే ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టు. పొట్టి పోగులైతే భయం లేదు, పచ్చటి గుండ్రని చుక్కలైతే ఆ విడత నీళ్లు తిరిగి తొట్టిలో పోయొద్దు.

నురగ కూడా కనిపెడుతూ ఉండు. కలిపినప్పుడు లేచి వెంటనే చితికిపోయేది మామూలు నురగ. గోధుమరంగు తిరిగి, వేళ్లకు జిగురుగా సాగుతూ గట్టు పక్కన నిలిచిపోయేది మాత్రం నాచు వదిలిన చక్కెరలూ చచ్చిన పోగులూ పేరుకున్నాయని చెప్పే నురగ. అప్పుడు అడుగు మడ్డి లాగేసి, తొట్టిలో కొంత భాగం కొత్త మీడియంతో మార్చు. తీసేసిన నీళ్లు మొక్కల మొదళ్లలో పొయ్యకు. అంత సోడియం, అంత పీహెచ్ నేలను పాడుచేస్తాయి. ప్లాస్టిక్ పట్టా పరిచిన లోతులేని మడిలో ఎండబెట్టెయ్.

గుడ్డ మీద మిగిలిన నాచు ముద్దను కడిగేటప్పుడు మంచినీళ్లలో నానబెట్టకు. ఉప్పునీటికి అలవాటుపడ్డ కణాలు పగిలి నీలం రంగు కారుతుంది. కడిగిన నీళ్లు నీలంగా దిగాయంటే ఆలస్యం చేశావని అర్థం. గబగబా ఒకసారి తడిపి పిండెయ్. ఆ కడుగునీళ్లు, రంగు లేకపోతే, ఆవిరైన నీళ్లకు బదులుగా వాడుకో.

డ్రైనేజీ నీళ్లతో పెంచితే ఎలా ఉంటుందని కూడా అడిగావు. మురుగునీటిని నాచుతో శుభ్రం చేసే చెరువుల మీద కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ 1950ల నుంచే పనిచేశాడు, ఆ పద్ధతి బాగా నడుస్తుంది. అయితే అక్కడ పని నీళ్లు బాగుచెయ్యడం. సీసం, కాడ్మియం లాంటివి ఉంటే నాచు పీల్చి దాచుకుంటుంది. తినే నాచుకు ఆ నీళ్లు ముట్టుకోనే వద్దు.

మదర్ కల్చర్ (కొత్త తొట్టి మొదలుపెట్టడానికి దాచుకునే విత్తన నాచు) మాత్రం వేరే సీసాల్లో, ఎప్పుడూ కొత్త మీడియంలోనే ఉంచు. ఈ తిరుగు నీళ్లు అందులో చుక్క కూడా పడకూడదు. నెల రోజుల పీహెచ్, టీడీఎస్ అంకెలు రాసి పంపు, ఎంత నీళ్లు మార్చాలో అవి చూసి చెబుతాను.

మీ మావయ్య